రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరమెంత? ఎవరినడిగినా ఒక్కో లెక్క ఎందుకు చెప్తారు?

సింగపూర్ నుంచి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కు 2018 అక్టోబరులో నాన్‌స్టాప్ విమానం మళ్లీ మొదలైనప్పుడు, ఆ దారి సుమారు 16,700 కిలోమీటర్లని విమాన సంస్థ ప్రకటించింది. అవే రెండు ఎయిర్‌పోర్టులను దూరాలు లెక్కగట్టే ఏ కాలిక్యులేటర్‌లో వేసినా 15,300 పైచిలుకు వస్తుంది. తేడా దాదాపు 1,400 కిలోమీటర్లు. ఇందులో ఎవరి లెక్కా తప్పు కాదు. కాలిక్యులేటర్ చెప్పింది భూగోళం మీద రెండు చుక్కల మధ్య దూరం. సంస్థ చెప్పింది విమానం నిజంగా తిరగబోయే దూరం. వీటికి తోడు మూడో దూరం ఒకటుంది. ఇంధనం లెక్క వేసేవాళ్లు తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ ప్రయాణ సమయాన్ని తేల్చేది అదే.

సమయం సంగతీ ఇంతే. గాల్లో ఉన్న సమయం వేరు, టికెట్ మీద వేసే సమయం వేరు, మన గడియారం చూపించే తేడా వేరు. వీటిని కలగాపులగం చేసేసరికి ‘వెళ్లేటప్పుడు 7 గంటలు పట్టింది, వచ్చేటప్పుడు 8 ఎందుకు?’, ‘గంటకు 900 కి.మీ. పోయే విమానానికి 600 కి.మీ. వెళ్లడానికి గంటన్నరా?’ లాంటి అనుమానాలు పుడతాయి. న్యూయార్క్ కెనడీ ఎయిర్‌పోర్టు (కోడ్ జేఎఫ్‌కే), లండన్ హీత్రో (ఎల్‌హెచ్‌ఆర్) జంటను ముందు పెట్టుకుని ఈ చిక్కుముడి ఒక్కొక్కటే విప్పుకుందాం. లోకంలో బాగా రద్దీగా ఉండే సుదూర మార్గాల్లో ఇదొకటి. గాలి ప్రభావం ఇంత కొట్టొచ్చినట్టు కనిపించే మార్గాలు కూడా తక్కువే.

మొదటి దూరం: గోళం మీద గీత

గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని గ్రేట్ సర్కిల్ అంటారు. గ్లోబు మీద రెండు ఊళ్ల దగ్గర దారం బిగించి పట్టుకుంటే అది ఎక్కడ ఆనుకుంటుందో అదే ఆ దారి. గోడకు తగిలించే మ్యాపు మీద మాత్రం అది విల్లులా వంగి కనిపిస్తుంది, అందుకే చాలామంది విమానం చుట్టూ తిరిగి వెళ్తోందనుకుంటారు. నిజానికి వంకర మ్యాపుది. సిడ్నీ, శాంటియాగో రెండూ దక్షిణ అక్షాంశం 34 డిగ్రీలకు అటూఇటుగా ఉంటాయి. మ్యాపు చూస్తే సిడ్నీ నుంచి నేరుగా తూర్పుకు పోతే చాలనిపిస్తుంది. అలా పోతే దాదాపు 12,800 కి.మీ. అవుతుంది. గ్రేట్ సర్కిల్ అయితే సుమారు 62 డిగ్రీల దక్షిణానికి, అంటే అంటార్కిటికా ముంగిట్లోకి దిగి మళ్లీ పైకొస్తుంది, మొత్తం 11,300 చిల్లర. దిగువకు వంగినట్టు కనిపించే దారే 1,400 కి.మీ. పైగా దగ్గర.

లెక్కకు ఎక్కువగా వాడేది హావర్‌సైన్ సూత్రం. జేఎఫ్‌కే స్థానం ఉత్తర అక్షాంశం 40.64, పశ్చిమ రేఖాంశం 73.78. హీత్రో ఉత్తరం 51.47, పశ్చిమం 0.46. సైన్స్ కాలిక్యులేటర్ ఉంటే చేతితోనే చేయొచ్చు.

అక్షాంశాల తేడా 10.83 డిగ్రీలు. అందులో సగానికి సైన్ తీసి వర్గం చేస్తే 0.0089. రేఖాంశాల తేడా 73.32. దాని సగానికి సైన్ తీసి వర్గం చేస్తే 0.3565. ఈ రెండో సంఖ్యను రెండు అక్షాంశాల కొసైన్‌లతో (0.7588, 0.6229) గుణిస్తే 0.1685. రెండూ కలిపితే 0.1774. దాని వర్గమూలం 0.4212. ఏ కోణానికి సైన్ 0.4212 అవుతుందో చూస్తే 24.91 డిగ్రీలు. రెట్టింపు చేస్తే 49.82 డిగ్రీలు. భూమి కేంద్రం నుంచి చూస్తే ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఉన్న కోణం ఇదే. దీన్ని రేడియన్లలోకి మార్చి భూమి సగటు వ్యాసార్ధం 6,371 కి.మీ.తో గుణిస్తే 5,540 కి.మీ.

ఇంకో దగ్గరి దారి ఉంది. కోణాన్ని 60తో గుణిస్తే నేరుగా నాటికల్ మైళ్లు వస్తాయి: 2,989. నాటికల్ మైలు పుట్టిందే డిగ్రీలో అరవయ్యో వంతు నుంచి కాబట్టి ఈ వెసులుబాటు. ఇప్పుడు దాని విలువ సరిగ్గా 1,852 మీటర్లని స్థిరపరిచారు. ఆ లెక్కన 5,536 కి.మీ., పై జవాబుకు నాలుగు కిలోమీటర్ల తేడా.

భూమి నిక్కమైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువాల వైపు 6,357. ఈ నొక్కును కూడా లెక్కలోకి తీసుకునే సూత్రాన్ని విన్సెంటీ అనే భూమాపన నిపుణుడు 1975లో ప్రకటించారు. దాంతో చేస్తే జేఎఫ్‌కే–హీత్రో దాదాపు 5,555 కి.మీ. అవుతుంది. ఒక వెబ్‌సైట్‌లో 5,540, ఇంకోదాంట్లో 5,555 కనబడితే కారణం ఇదే. గోళమనుకుని చేసే లెక్కలో తప్పు మహా అయితే అర శాతం. ప్రయాణికుడికి ఆ తేడా అక్కర్లేదు. విమానం 11 కి.మీ. ఎత్తున పోతుంది కదా, అక్కడ చుట్టుకొలత ఎక్కువ కాదా అని కొందరు అడుగుతారు. ఎక్కువే, ఈ మార్గం మొత్తానికి పది కిలోమీటర్లకు మించదు.

సూత్రం కంటే దానికి అందించే అంకెల్లోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. హీత్రో అక్షాంశం 51 డిగ్రీల 28 నిమిషాలు. దాన్ని 51.28 అని రాస్తే 21 కి.మీ. దక్షిణానికి జారిపోతాం. 28ని 60తో భాగించి 51.47 అని రాయాలి. పశ్చిమ రేఖాంశానికి ముందు మైనస్ గుర్తు మరిచిపోతే ఇంకా ఘోరం. జేఎఫ్‌కేకు మైనస్ పెట్టకపోతే విమానం కిర్గిజ్‌స్తాన్ నుంచి బయల్దేరుతుంది. స్ప్రెడ్‌షీట్లలో సైన్, కొసైన్‌లు రేడియన్లనే తీసుకుంటాయి. డిగ్రీలు వేసినా ఏదో ఒక సంఖ్య వస్తుంది, అది చూడ్డానికి నమ్మేలా ఉండటమే అసలు ప్రమాదం. ఆస్ట్రేలియా సిడ్నీకి (ఎస్‌వైడీ) బదులు కెనడా సిడ్నీ (వైక్యూవై), కాలిఫోర్నియా శాన్ హోసేకు (ఎస్‌జేసీ) బదులు కోస్టారికా శాన్ హోసే (ఎస్‌జేఓ) తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఊరి పేరు కాకుండా ఎయిర్‌పోర్టు కోడ్ వాడితే ఈ బెడద ఉండదు. ఊరి నడిబొడ్డును ఎయిర్‌పోర్టు అనుకోవడం కూడా పొరపాటే, టోక్యోలో నారిటా ఊరి మధ్య నుంచి 60 కి.మీ. అవతల ఉంది.

ఇక ‘మైళ్లు’ అనే మాట. పై దూరమే 3,442 సాధారణ మైళ్లు, 2,991 నాటికల్ మైళ్లు. పైలట్లు రెండోదాంట్లో మాట్లాడతారు, లాయల్టీ పాయింట్ల పట్టికలు మొదటిదాంట్లో ఉంటాయి. ఏ మైళ్లో చూడకుండా వేగంతో భాగిస్తే జవాబులో 15 శాతం తేడా వస్తుంది.

రెండో దూరం: విమానం నిజంగా తిరిగేది

ఏ విమానమూ గ్రేట్ సర్కిల్ మీద మొదటి నుంచి చివరిదాకా పోదు. రన్‌వే ఎటు చూస్తే అటే లేవాలి. లేచాక ఆ ఎయిర్‌పోర్టుకు నిర్ణయించిన దారిలో బయటికి రావాలి. దిగేటప్పుడూ అంతే. లండన్ తూర్పున ఉందని తూర్పు రన్‌వే ఇవ్వరు, గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా లేవాలి. గమ్యానికి వెనక్కి లేచి సగం చుట్టు తిరిగితే ఇరవై, ముప్పై కిలోమీటర్లు అక్కడే ఖర్చు. అందుకే కర్బన ఉద్గారాలు లెక్కగట్టే సంస్థలు గ్రేట్ సర్కిల్‌కు కొంత కలుపుతాయి. యూరప్ ఉద్గారాల వ్యాపార పథకం ఏ మార్గానికైనా 95 కి.మీ. కలుపుతుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కాలిక్యులేటర్ 550 కి.మీ. లోపు మార్గాలకు 50, అక్కడి నుంచి 5,500 దాకా 100, ఆపైన 125 కలుపుతుంది. దూరం పెరిగినంతగా ఈ అదనం పెరగదని గమనించండి. ఎందుకంటే దాని మూలం ఎక్కువగా రెండు చివర్లలోనే ఉంది. దగ్గరి మార్గాలకు ఇది పెద్ద భారం, దూరపు మార్గాలకు నలుసంత.

దూరపు మార్గాలను సాగదీసేవి వేరే ఉన్నాయి. మొదటిది మూసిన ఆకాశం. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా గగనతలం మూతపడటంతో, హెల్సింకి–టోక్యో మధ్య తొమ్మిదిన్నర గంటలు పట్టే ప్రయాణం ఒక్కసారిగా 13 గంటలకు చేరింది. ఎయిర్‌పోర్టులు కదల్లేదు, గ్రేట్ సర్కిల్ దూరం మీటరు కూడా మారలేదు. దూరాల కాలిక్యులేటర్లు ఇప్పటికీ పాత అంకే చెప్తాయి, దాన్ని నమ్ముకుని సమయం అంచనా వేస్తే మూడున్నర గంటలు తప్పుతుంది.

రెండోది కింద ఉన్న నేల. క్యాబిన్‌లో గాలి పీడనం పోతే విమానం వెంటనే 10,000 అడుగులకు, అంటే 3,050 మీటర్లకు దిగాలి. ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా ఒక పావుగంటకు సరిపడా ఉంటుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు, దిగడానికి చోటేదీ? ప్రత్యేక ఏర్పాట్లున్న విమానాలు, ముందే గీసిపెట్టుకున్న తప్పించుకునే దారులు ఉంటే వెళ్లొచ్చు. చాలా సంస్థలు పక్కనుంచి పోవడమే మేలనుకుంటాయి.

మూడోది సముద్రం. రెండింజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోయినా, దిగడానికి వీలున్న ఎయిర్‌పోర్టుకు నిర్ణీత సమయంలో చేరేలా ఉండాలి. ఈ నియమాన్ని ఈటాప్స్ అంటారు. ఒకప్పుడు ఆ హద్దు 60 నిమిషాలే, దాంతో అట్లాంటిక్ దాటే దారులు ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ వైపు వంగేవి. 1985లో అది 120 నిమిషాలైంది, తర్వాత 180. ఎయిర్‌బస్ ఏ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. కాబట్టి ఈ కారణంగా దారి వంగడం ఇప్పుడు బాగా తగ్గింది. దక్షిణార్ధగోళంలోని మహాసముద్రాల మీద మాత్రం ఇంకా లెక్కలోకి వస్తుంది.

మూడో దూరం: గాలిలో తెగే దూరం

విమానానికి నేలతో సంబంధం లేదు. అది చుట్టూ ఉన్న గాలిని కోసుకుంటూ పోతుంది, ఆ గాలే ఎటో కదులుతూ ఉంటుంది. నది మీద పడవ లాంటిదే. తెడ్డు వేసే వేగం ఒకటే అయినా వాలుకు పోతే గట్టు గబగబా వెనక్కి జరుగుతుంది, ఎదురెక్కితే కదలనట్టే ఉంటుంది.

9 నుంచి 12 కి.మీ. ఎత్తున పడమటి నుంచి తూర్పుకు సన్నటి నదిలా పారే వేగవంతమైన గాలులే జెట్ స్ట్రీమ్‌లు. గంటకు 150, 200 కి.మీ. వేగం వీటికి మామూలు. చలికాలంలో ధ్రువానికీ ఉష్ణమండలానికీ మధ్య వేడిమి తేడా పెరుగుతుంది కాబట్టి ఇవి మరింత బలపడతాయి. 2020 ఫిబ్రవరి 9న, సియారా తుఫాను నాటి గాలుల మీద ఒక బోయింగ్ 747 జేఎఫ్‌కే నుంచి హీత్రోకు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోల్చిన దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కి.మీ. దాటింది. ధ్వనివేగాన్ని మించిందని అప్పట్లో హడావుడి జరిగింది. మించలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది మామూలు వేగంతోనే పోతోంది. నిజంగా ధ్వనిని మించి పోయిన కాంకార్డ్ ఇదే మార్గాన్ని 1996 ఫిబ్రవరి 7న 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో పూర్తి చేసింది.

వెళ్లేటప్పుడు గాలి వల్ల కలిసొచ్చింది తిరిగొచ్చేటప్పుడు పోతుంది, రెండూ చెల్లుకు చెల్లు కదా అనుకుంటారు. కాదు. గాలి లేనప్పుడు 5,540 కి.మీ.ను గంటకు 900 చొప్పున రానుపోను తిరిగితే 12 గంటల 19 నిమిషాలు. వంద కిలోమీటర్ల గాలి ఉందనుకోండి. అటు 1,000 వేగంతో 5 గంటల 32 నిమిషాలు, ఇటు 800 వేగంతో 6 గంటల 56 నిమిషాలు. మొత్తం 12 గంటల 28 నిమిషాలు. తొమ్మిది నిమిషాలు నష్టం. ఎందుకంటే ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ, ఆ సమయమంతా దెబ్బ తింటూనే ఉంటాం. పక్కగాలి కూడా ఉచితం కాదు. దారి తప్పకుండా ముక్కును కాస్త గాలి వైపు తిప్పి ఉంచాలి, ముందుకు పోయే వేగంలో కొంత దానికే పోతుంది.

అందుకే ఉత్తర అట్లాంటిక్ మీద దారులు రోజూ మారతాయి. ఐర్లాండ్, బ్రిటన్ వైపు నుంచి షాన్‌విక్ కేంద్రం పడమటికి పోయే దారులను, కెనడా వైపు నుంచి గాండర్ కేంద్రం తూర్పుకు పోయే దారులను ఆ రోజు గాలిని బట్టి ప్రకటిస్తాయి. తూర్పుకు పోయేవి జెట్ స్ట్రీమ్ ఒడిలోకి చేరతాయి. పడమటికి పోయేవి దాన్ని తప్పించుకుంటూ, ఒక్కోరోజు గ్రీన్‌లాండ్ మీదుగా పోతాయి. నేల మీద దారి పెరుగుతుంది, గాలిలో తెగే దూరం తగ్గుతుంది. మొదట్లో చెప్పిన సింగపూర్ విమానం 1,400 కి.మీ. అదనంగా తిరగడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. గ్రేట్ సర్కిల్ ఉత్తర ధ్రువం దాపులకు పోతుంటే, అది పసిఫిక్ మీదుగా వెనుకగాలి అందుకుని పోగలదు.

వేగంతో భాగిస్తే సమయం వస్తుందా?

జెట్ విమానాల వేగాన్ని మాక్‌లో చెప్తారు, అంటే ధ్వనివేగంలో ఎన్నో వంతు అని. 11 కి.మీ. ఎత్తున మైనస్ 56 డిగ్రీల చలిలో ధ్వనివేగం గంటకు సుమారు 1,062 కి.మీ. మాక్ 0.78 దగ్గర ఎగిరే ఏ320, 737 తరగతి విమానాలకు అది 830 కి.మీ. మాక్ 0.85తో పోయే 787, ఏ350లకు 900. ప్రొపెల్లర్లున్న ఏటీఆర్ 72 అయితే 500 చిల్లర. ఏ విమానమో తెలియకుండా దూరాన్ని 900తో భాగించడం మొదటి తప్పు.

రెండో తప్పు, ఆ వేగం దారంతా ఉంటుందనుకోవడం. 10,000 అడుగుల లోపు చాలా దేశాల్లో హద్దు 250 నాట్లు, అంటే గంటకు 463 కి.మీ. పై ఎత్తుకు చేరడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. దిగడం గమ్యానికి చాలా ముందే మొదలవుతుంది. ఎంత ముందో చెప్పడానికి పైలట్లకు ఓ చిట్కా ఉంది: ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడింతలు చేస్తే నాటికల్ మైళ్లు. 36,000 అడుగుల నుంచి అయితే 108, అంటే 200 కి.మీ. ముందు. ఇప్పుడు 600 కి.మీ. మార్గం చూడండి. ఎక్కడానికి రెండొందల చిల్లర కిలోమీటర్లు, దిగడానికి రెండొందలు పోగా మిగిలిన నూట ఎనభై కిలోమీటర్లలోనే పూర్తి వేగం. అది పదమూడు నిమిషాల ముచ్చట. భాగహారం 43 నిమిషాలంటే గాల్లో గంట గడుస్తుంది, రెండు చివర్లా నేల మీద తిరిగేది కలిపితే గంటా ఇరవై దాటుతుంది.

చేతిలెక్కకు ఒక పద్ధతి చెప్తాను. గ్రేట్ సర్కిల్ దూరానికి 4 శాతం కలపండి. దాన్ని విమానం వేగంతో (వెనుకగాలి కలిపి, ఎదురుగాలి తీసేసి) భాగించండి. ఎక్కడం, దిగడం వల్ల పోయే సమయానికి ఒక పావుగంట కలపండి. నేల మీద తిరిగేదానికి చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య 15 నిమిషాలు, రద్దీ ఎయిర్‌పోర్టుల మధ్య 35 వేయండి. జేఎఫ్‌కే–హీత్రోకు చేద్దాం: 5,540కి 4 శాతం కలిపితే 5,760. తూర్పుకు సగటున 80 కి.మీ. వెనుకగాలి అనుకుంటే 980తో భాగించాలి, 5 గంటల 53 నిమిషాలు. పావుగంట, 35 నిమిషాలు కలిపితే 6 గంటల 43. పడమటికి జెట్ స్ట్రీమ్‌ను తప్పించుకున్నా 60 కి.మీ. ఎదురుగాలి ఉంటుందనుకుంటే 840తో భాగించాలి. అన్నీ కలిపి 7 గంటల 41. టికెట్ల మీద ఈ మార్గానికి కనిపించే 7, 8 గంటలకు ఇది బాగానే దగ్గరపడుతుంది. మిగిలిన పది, ఇరవై నిమిషాలు ఎక్కడివో ఇప్పుడు చూద్దాం.

టికెట్ మీది సమయం

షెడ్యూల్‌లో ఉండేది గాల్లో గడిపే సమయం కాదు, బ్లాక్ టైమ్. విమానం గేటు దగ్గర నుంచి కదిలిన క్షణం నుంచి, అవతల గేటు దగ్గర ఆగేవరకు. సంస్థలు ప్రతి విమానానికీ నాలుగు క్షణాలు నమోదు చేస్తాయి: గేటు వదిలింది, నేల వదిలింది, నేల తాకింది, గేటు చేరింది. మధ్య రెండింటి తేడా గాల్లో సమయం, మొదటిదానికీ చివరిదానికీ ఉన్న తేడా బ్లాక్. రద్దీ వేళ జేఎఫ్‌కేలో గేటు వదిలాక రన్‌వే చేరడానికి అరగంట దాటడం వింతేమీ కాదు.

అవతల హీత్రో మీద రద్దీ ఉంటే విమానాలు బోవింగ్‌డన్, లాంబోర్న్, ఆకమ్, బిగ్గిన్ అనే నాలుగు చోట్ల ఒకదాని మీద ఒకటి వెయ్యి అడుగుల ఎడంతో చుట్లు కొడుతూ వేచి ఉంటాయి. ఒక్కో చుట్టుకు సుమారు నాలుగు నిమిషాలు. మూడు చుట్లు పడితే 12 నిమిషాలు, ఇంధనం సహా గల్లంతు.

ఇదంతా సంస్థలకు ముందే తెలుసు. గత సీజన్లలో ఇదే విమానానికి ఎంత పట్టిందో చూసి, చాలా రోజులు సకాలంలో చేరేలా బ్లాక్ టైమ్ వేస్తారు. ఈ ముందుజాగ్రత్త నిమిషాలనే ప్యాడింగ్ అంటారు. పదిహేను నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకపోవడం ఈ రంగంలో వాడుక, అదీ కలిసొస్తుంది. గాలి సీజన్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఒకే విమానానికి చలికాలంలో ఒక సమయం, ఎండాకాలంలో ఒక సమయం ఉంటాయి. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం షెడ్యూళ్లు మారతాయి. గంట ఆలస్యంగా బయల్దేరిన విమానం పావుగంట ఆలస్యంతోనే చేరితే పైలట్ వేగం పెంచాడని మెచ్చుకుంటారు గానీ, అక్కడ పనిచేసింది ఎక్కువగా ప్యాడింగే. మాక్ 0.85 నుంచి 0.87కు పెంచినా అట్లాంటిక్ మొత్తం మీద మిగిలేది ఎనిమిది నిమిషాలు. దానికోసం కాల్చే అదనపు ఇంధనం చూస్తే చాలాసార్లు గిట్టుబాటు కాదు. ఈ ప్యాడింగ్‌కు ఇంకో ముఖమూ ఉంది. అరగంట ముందే దిగిన విమానానికి గేటు ఖాళీగా ఉండదు, దిగినా కూర్చోవాల్సిందే.

గడియారాల చిక్కు

బయల్దేరే సమయం, చేరే సమయం రెండూ ఎక్కడి గడియారం అక్కడిదే. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. తప్పు పోని పద్ధతి ఒకటే, రెండింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి మార్చి అప్పుడు తీసివేయడం. జనవరిలో న్యూయార్క్‌లో సాయంత్రం 6:30కి బయల్దేరి మర్నాడు ఉదయం 6:30కి లండన్ చేరే విమానం తీసుకోండి. న్యూయార్క్ అప్పుడు యూటీసీ కంటే 5 గంటలు వెనక, కాబట్టి బయల్దేరింది 23:30. లండన్ యూటీసీతో సమానం, చేరింది 6:30. ప్రయాణం 7 గంటలు.

ఇందులో ఓ మెలిక ఉంది. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరిగి నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తాయి. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. ఈ మధ్యలోని రెండు మూడు వారాలు వసంతంలో, ఒక వారం శరత్తులో న్యూయార్క్–లండన్ తేడా 5 గంటలు కాదు, 4. అప్పుడు ‘ఎప్పుడూ అయిదే కదా’ అని లెక్కేసుకున్నవాళ్లు గంట తప్పుతారు, తర్వాతి విమానం కూడా తప్పిపోవచ్చు. అన్ని దేశాల తేడాలూ నిండు గంటల్లో ఉండవు కూడా, భారత్ 5:30, నేపాల్ 5:45.

తేదీ రేఖను తూర్పుకు దాటితే చేరే సమయం బయల్దేరిన సమయానికి ముందే వస్తుంది. టోక్యోలో మంగళవారం సాయంత్రం 5 గంటలకు ఎక్కితే యూటీసీ ప్రకారం అది ఉదయం 8. తొమ్మింబావు గంటల తర్వాత, యూటీసీ 17:15కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారు. చలికాలంలో అక్కడ 8 గంటలు వెనక కాబట్టి అదే మంగళవారం ఉదయం 9:15. తిరుగు ప్రయాణంలో గాలి ఎదురై రెండు గంటలు ఎక్కువ పడుతుంది, క్యాలెండర్‌లో ఒక రోజు ఎగిరిపోతుంది. టికెట్ మీద చేరే సమయం పక్కన కనిపించే ‘+1’ గుర్తు అర్థం అదే, మర్నాడని. హోటల్ గదిని తప్పు తేదీకి బుక్ చేసేది ఎక్కువగా ఈ గుర్తు చూడనివాళ్లే.

మధ్యలో ఆగితే

డైరెక్ట్ అంటే నాన్‌స్టాప్ అనుకోవద్దు. దారిలో ఎక్కడో ఆగి, అదే నంబరుతో మళ్లీ కదిలే విమానాన్ని కూడా డైరెక్ట్ అనే అంటారు. విమానం మారాల్సి వస్తే కనెక్షన్. ప్రతి ఎయిర్‌పోర్టుకూ కనీస మార్పిడి సమయమని ఒకటి నిర్ణయించి ఉంటుంది, ఒకే టికెట్ మీద అమ్మే కనెక్షన్లు దానికి తగ్గకూడదు. విడివిడిగా రెండు టికెట్లు కొనుక్కుంటే ఆ కాపలా ఉండదు. సామాను తీసుకుని, మళ్లీ అప్పగించి, భద్రతా తనిఖీ దాటాలి. అక్కడ రెండు గంటల ఎడం కూడా చాలదనే చెప్పాలి. మధ్యలో ఒక చోట ఆగడం వల్ల ఆ నిరీక్షణతో పాటు ఎక్కడం, దిగడం, నేల మీద తిరగడం అన్నీ రెండోసారి పడతాయి. అంటే ఎంత బాగా కుదిరినా రెండు గంటల పైనే కలుస్తుంది.

అన్ని దూరాల్లోనూ చట్టం నమ్మేది మాత్రం మొదటిదాన్నే. విమానం రద్దయినా, మూడు గంటలు లేదా అంతకు మించి ఆలస్యమైనా యూరప్‌లో ఇచ్చే పరిహారం 1,500, 3,500 కి.మీ. హద్దులను బట్టి మారుతుంది. అక్కడ చూసేది మొదట ఎక్కిన చోటికీ చివరి గమ్యానికీ మధ్య గ్రేట్ సర్కిల్ దూరం. మధ్యలో ఎక్కడెక్కడ తిరిగినా లెక్కలోకి రాదని 2017లో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది.

సమయం సంగతి తేల్చడానికి అదే న్యాయస్థానం ఇంకా లోతుకు వెళ్లాల్సి వచ్చింది. సాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్–బాన్‌కు వెళ్లిన ఒక విమానం చక్రాలు నేలను తాకేసరికి ఆలస్యం 2 గంటల 58 నిమిషాలు. నిలిపే చోటికి చేరేసరికి 3 గంటల 3 నిమిషాలు. తలుపులు తెరిచింది ఆ తర్వాత. ‘చేరడం’ అంటే మొదటిదైతే 250 యూరోలు రావు, మిగతా రెంటిలో ఏదైనా వస్తాయి. 2014 సెప్టెంబరు 4న తీర్పు వచ్చింది: కనీసం ఒక తలుపైనా తెరిచి, ప్రయాణికులు దిగడానికి వీలున్నప్పుడే విమానం చేరినట్టు.